నలభై ఒకటో పేజీ

ప్రింటర్లో తెల్ల కాగితం అయిపోయిన రాత్రి
నవల చిత్తుప్రతి తిరగేసి
వెనకవైపు శనివారం వంతుల జాబితా అచ్చు తీశాను.
అంతకు మించి ఆలోచనేమీ లేదు.
లెర్విక్‌లో డిసెంబరు.
మూడింటికే చీకటి,
కాగితాల కోసం ఆ గాలిలో
రేవు దాకా దిగబుద్ధి కాలేదు.

ఎనిమిదిమంది వస్తామన్నారు.
వచ్చింది ముగ్గురు.
ఓస్లా, వాళ్ళమ్మ తోస్తే.
రాస్మీ, సర్టిఫికెట్ కోసం,
ఆ మాట మొహమాటం లేకుండా చెప్పాడు.
చేపల ఫ్యాక్టరీలో పనిచేసే పోలిష్ వాళ్ళబ్బాయి కాట్స్‌పెర్
ఎందుకొచ్చాడో చెప్పలేదు,
పార మాత్రం సొంతది తెచ్చుకున్నాడు.

కౌన్సిల్ వాళ్ళ ఫారంలో ఒక గడి:
పిల్లలకు ఎదురు కాగల ప్రమాదాలు.
గాలి, అని రాశాను.
తడి మెట్లు.
మిసెస్ టలక్ కుక్క.
ఇంకా ఒక గీత మిగిలితే
ఏడో అధ్యాయం, అని రాసి
కొట్టేశాను.

ఏడో అధ్యాయంలో ఒకడు
మూడు నెలలుగా మునుగుతున్నాడు.
తాతలనాటి హెర్రింగ్ పడవ, రాత్రి, తుఫాను.
నేను కలం పట్టగానే ఫోను మోగుతుంది.
బొగ్గు సంచి ఎవరింటికి,
మాత్రలు ఎవరికి,
కొత్త చేతి తొడుగులన్నీ ఎడమచేతివే వచ్చాయేమిటి.
అన్నీ సర్ది తిరిగొచ్చేసరికి
వాడు నీళ్ళలో అలాగే ఉంటాడు,
మెడదాకా,
ఓపిగ్గా.

రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దంటారు.
రేవులో చూశాను, పెట్టేవాళ్ళే ఎక్కువ.
ఈ పడవలో బుట్ట ఆ పడవకి అందించాలంటే
అలాగే నిలబడాలి,
మోకాళ్ళు కాస్త వంచి,
కిందికి చూడకుండా.

ఫిబ్రవరి దాకా నాకు తెలియదు.
ముసలి గిబ్బీ హల్‌క్రో వంటింట్లో
ఫ్రిజ్ మీద వంతుల జాబితా తిరగబడి ఉంది.
నా నూట పన్నెండో పేజీ
నా వైపే చూస్తోంది.
"దీని తరవాతది ఎవరింట్లో ఉందమ్మా?" అన్నాడు.

అప్పుడు బయటపడింది
నవల ఊరంతా తిరుగుతోందని,
వరస తప్పి.
పెళ్ళి ఒకరింట్లో.
ఆ పెళ్ళికొడుకు చావు
అంతకు ముందు వారమే పక్కింట్లో.
బైబిల్లో కొన్ని, రొట్టెల డబ్బా కింద కొన్ని.
మందులతో పాటు పేజీలూ మార్చి ఇస్తున్నారు పిల్లలు.
ఎవరి దగ్గర ఏది ఉందో
ఓస్లా నోటుపుస్తకంలో లెక్క.
నన్ను ఒక్క మాట అడగలేదు.

మిసెస్ టలక్ పెన్సిల్‌తో దిద్దింది:
"ఆగ్నేయపు గాలికి తెరచాప ఎవడూ విప్పడు.
ఎవడైనా విప్పితే వాడు మా ఊరివాడు కాదు."
ఆ కింద ఇంకా చిన్న అక్షరాల్లో
రెండే మాటలు:
"మా నాన్న."

ఆ రాత్రి కూర్చుని తెరచాప దించాను.
వాడు మునగడం ఆగలేదు.
త్వరగా అయిపోయింది, అంతే.
తెల్లారి ఫోను మోగితే
మొదటి గంటకే ఎత్తాను.

ఏప్రిల్ వచ్చింది.
ఇప్పుడు పదకొండుమంది.
సర్టిఫికెట్ చేతికొచ్చినా రాస్మీ వస్తూనే ఉన్నాడు,
చివరి పేజీలు తనకింకా అందలేదట.
ఓస్లా లెక్కలో అన్నీ ఉన్నాయి,
నలభై ఒకటి తప్ప.

బాగా రాశాననుకున్న పేజీ అది,
సముద్రానికి మూడు ఉపమానాలున్నది.
వెతగ్గా వెతగ్గా
మిసెస్ టలక్ పడగ్గది కిటికీలో దొరికింది,
ఎనిమిది మడతలు పడి,
చట్రానికీ గోడకీ మధ్య సందులో.

పీకబోయాను.
"తీస్తే కిటికీ రాత్రంతా ఊళ పెడుతుంది," అన్నాడు కాట్స్‌పెర్,
"ఆవిడకి నిద్ర పట్టదు."
ఇన్ని నెలల్లో వాడు అంత పొడుగు మాట్లాడటం అదే మొదలు.

బయట గాలి గోడలు దూకుతోంది.
లోపల కుక్క నా బూటు వాసన చూసి
పోనీలే అన్నట్టు పడుకుంది.
కిటికీ పలకలేదు.

ఇంటికొచ్చి
నలభై తరవాత నలభై రెండు పెట్టాను.